ఐపీవీ6 టిక్కు తీసెయ్యాలా, ఉంచాలా?

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా వెళ్లి భద్రాచలం వంతెన దాటి, అక్కణ్ణుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు సాగే కొద్దీ నెట్ గురించి వినపడే మాట మారుతూ ఉంటుంది. ఖమ్మంలో స్పీడ్ ఎంతొస్తోందని అడుగుతారు. చర్ల అవతల అసలు సిగ్నల్ ఉందా అని అడుగుతారు. కానీ ఆ దారి పొడవునా మారని సలహా ఒకటుంది. ఫీజు కట్టే పేజీ సగంలో ఆగిపోయినా, కౌన్సెలింగ్ సైటు తెరుచుకోకపోయినా, ఫైబర్ నెట్ కుర్రాడు ఫోన్‌లోనే చెప్పేస్తాడు: "సార్, అడాప్టర్ ప్రాపర్టీస్‌లోకి పోయి ఐపీవీ6 టిక్కు తీసెయ్యండి, సెట్ అయితది." చాలాసార్లు నిజంగానే సెట్ అవుతుంది. అందుకే ఆ సలహా ఇంతగా పాకింది.

ఎందుకు సెట్ అవుతుందో, అలా చేసినందుకు మనం ఏం వదులుకుంటున్నామో తెలుసుకోవడం అవసరం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ టిక్కు తీయడం తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి మంచి పరీక్ష. తీసి అలాగే వదిలేస్తే మాత్రం తప్పు కనబడకుండా పోతుంది, బాగు చేయాల్సినవాళ్లకు దాని సంగతే తెలియదు. ఆ నష్టం పట్నంలో ఉన్నవారికంటే అడవి అంచున ఉన్నవారికే ఎక్కువ.

నెట్‌లో మాట్లాడే ప్రతి యంత్రానికీ ఒక చిరునామా కావాలి. 1981 సెప్టెంబరులో ఖరారై, 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్ మొత్తం స్వీకరించిన పద్ధతి ఐపీవీ4. దాని చిరునామా పొడవు 32 బిట్లు, మొత్తం కలిపితే సుమారు 429 కోట్లు. కంప్యూటర్లు అరుదుగా ఉన్న ఆ రోజుల్లో అవి ఎప్పటికీ తరగవనుకుని దండిగా పంచేశారు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం ఒక్కదానికే 1.67 కోట్ల చిరునామాలు దక్కాయి. వాటిలో ఎక్కువ భాగం వాడకుండానే పడి ఉన్నాయని 2017లో ఆ సంస్థే చెప్పి, సగం దాకా అమ్మకానికి పెట్టింది. మన దేశం మొత్తానికి ఉన్నవి నాలుగు కోట్లకు అటూ ఇటూ. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల్లో 2024 మార్చి నాటికే ఇంటర్నెట్ చందాదారులు 95 కోట్లు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే మన కథకు మూలం.

ప్రపంచానికంతటికీ చిరునామాలు పంచే ఐయానా దగ్గర నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. ఆసియా పసిఫిక్ దేశాలకు పంచే ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్ 15 నుంచి కొసరి కొసరి ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ కరువును ముందే ఊహించి 1995 డిసెంబరులో తొలి రూపం ప్రకటించినదే ఐపీవీ6. 2017 జులైలో అది పూర్తిస్థాయి ప్రమాణమైంది. చిరునామా 128 బిట్లు. ఒక ఇంటికి ఇచ్చే అతి చిన్న భాగంలోనే పాత ఇంటర్నెట్ మొత్తానికి 429 కోట్ల రెట్లు చిరునామాలు పడతాయి.

చిరునామాలు దొరకని కంపెనీలు వందల ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక పెట్టి నడిపిస్తున్నాయి. దీన్ని సీజీనాట్ అంటారు. గూడెం మొత్తానికి ఒకటే ఇంటి నంబరు ఇచ్చి, ఉత్తరాలన్నీ ఒక్క మనిషి అందుకుని ఎవరివి వారికి పంచుతున్నట్టన్నమాట. మీ రూటర్ స్టేటస్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వరసలో కనబడితే మీరు అలాంటి ఏర్పాటు వెనకే ఉన్నారు. ఆ వరసను 2012 ఏప్రిల్‌లో ఇందుకోసమే ప్రత్యేకించి కేటాయించారు.

దీని ఇబ్బందులు రోజూ తగులుతూనే ఉంటాయి, కారణం మాత్రం మనకు తెలియదు. పొలం దగ్గర పెట్టిన కెమెరాను ఇంటి నుంచి నేరుగా చూడలేం, మధ్యలో ఎవరిదో సర్వర్ ఉండాలి. అదే చిరునామా మీద ఇంకెవరో చేసిన పాడుపనికి మనకు సైట్లు అడ్డం పడతాయి, రోబోవి కాదని నిరూపించుకోమంటాయి. డాలస్‌లో ఉన్న కూతురితో పాల్వంచలో ఉన్న తల్లి వీడియో కాల్ మాట్లాడితే, రెండు వైపులా ఇలాంటి అడ్డు ఉన్నప్పుడు కాల్ నేరుగా కలవక మధ్య సర్వర్ మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది. మరోటి, అందరికంటే అడవి అంచు మనుషులు పట్టించుకోవాల్సింది: నేర పరిశోధనలో ఐపీ చిరునామా ఒక ఆధారం. వందల మందికి ఒకే చిరునామా ఉంటే అనుమానం అసలు సంబంధం లేనివారి మీదకు వెళ్లే అవకాశం పెరుగుతుంది. 2017 అక్టోబరులో యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ ఈ కారణంగానే సీజీనాట్ వాడకాన్ని తగ్గించాలని బహిరంగంగా కోరింది. పోలీసు నిఘా రోజువారీ సంగతైన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

ఐపీవీ6 ఆపేసిన కంప్యూటర్ పూర్తిగా ఈ సీజీనాట్ మీదే బతుకుతుంది. ఆ టిక్కు తీసేటప్పుడు ఎవరూ చెప్పని మాట ఇది.

అలాగని ఆపెయ్యమన్నవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. ఆ సలహాకు గట్టి పునాదే ఉండేది. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచి ఐపీవీ6 తనంతట తానే ఆన్‌లో ఉండటం మొదలైంది. అప్పటికి ఇళ్లకు నిజమైన ఐపీవీ6 ఇచ్చే కంపెనీలు దాదాపు లేవు. అందుకని విండోస్ టెరెడో, 6టు4 అనే దొంగదారుల్లాంటి సొరంగాలు వేసుకుని, ఎక్కడో పరాయి దేశంలోని సర్వర్ మీదుగా వెళ్లడానికి ప్రయత్నించేది. ఆ సర్వర్ బాగుంటే పేజీ ఆలస్యంగా వచ్చేది, బాగోకపోతే వచ్చేదే కాదు. 6టు4లో ఇలా ఉమ్మడి సర్వర్ మీదుగా వెళ్లే పద్ధతిని 2015 మే నెలలో ప్రమాణకర్తలే పక్కన పెట్టేశారు. పెద్ద కంపెనీలు కూడా అంతే భయపడ్డాయి. గూగుల్ చాలాకాలం పాటు నమ్మకం కుదిరిన నెట్‌వర్కులకు మాత్రమే ఐపీవీ6 చిరునామా చెప్పేది. 2011 జూన్ 8న ఒక్కరోజు అందరూ కలిసి ఆన్ చేసి పరీక్షించారు. పెద్ద ప్రమాదమేమీ జరగలేదని తేలాక 2012 జూన్ 6న శాశ్వతంగా ఆన్ చేశారు.

అదే సమయంలో బ్రౌజర్లలోకి హ్యాపీ ఐబాల్స్ అనే పద్ధతి వచ్చింది. 2012 ఏప్రిల్‌లో మొదట రాశారు, 2017 డిసెంబరులో సరిదిద్దారు. ఐపీవీ6తో ప్రయత్నం మొదలుపెట్టి, సెకనులో నాలుగో వంతు లోపల జవాబు రాకపోతే ఐపీవీ4 తోనూ ప్రయత్నిస్తుంది. ఏది ముందు కలిస్తే దాన్ని వాడుకుంటుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాడే మనిషికి పాత బాధ దీంతో చాలావరకు తీరింది. బాధ తీరినా, దాని కోసం పుట్టిన సలహా మాత్రం మిగిలిపోయింది.

కంప్యూటర్‌లో బ్రౌజర్ ఒక్కటే ఉండదు గదా. పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లకు, వేలిముద్రల పరికరం వెంట వచ్చే చిన్న ప్రోగ్రాములకు, కొన్ని పరీక్షల యాప్‌లకు ఈ తెలివి ఉండదు. పేరుకు రెండు చిరునామాలు వస్తే మొదటిదాన్నే పట్టుకుని కూర్చుంటాయి. ఆ దారి మూసుకుపోయి ఉంటే విండోస్ మూడుసార్లు తట్టి చూసి వదిలేసేసరికి దాదాపు 21 సెకన్లు పడుతుంది. మీసేవ కౌంటర్ ముందు వరసలో నిలబడ్డ మనిషికి 21 సెకన్లు ప్రతి పేజీకీ అంటే ఎంత కాలమో ఊహించవచ్చు. టిక్కు తీస్తే ఆ ఎదురుచూపు పోతుంది. నిజమే. అయితే ఆ దారి ఎందుకు మూసుకుపోయింది?

మా ప్రాంతంలో కారణం ఎక్కువగా రెండు చోట్ల ఉంటుందని నా నమ్మకం. ఒకటి కరెంటు, రెండోది ప్యాకెట్ పరిమాణం.

కరెంటు సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఐపీవీ6లో కంప్యూటర్ తన చిరునామా తానే తయారు చేసుకుంటుంది. రూటర్ చిరునామాలో ముందు సగం (ప్రిఫిక్స్) ప్రకటిస్తుంది, వెనక సగం కంప్యూటర్ చేర్చుకుంటుంది. ఆ ముందు సగం ఎన్నాళ్లు చెల్లుతుందో కూడా రూటర్ చెబుతుంది. ప్రమాణంలో సూచించిన మామూలు విలువలు చూస్తే, 7 రోజుల పాటు ఇష్టంగా వాడవచ్చు, 30 రోజుల దాకా చెల్లుతుంది. ఇప్పుడు గాలివాన వచ్చి కరెంటు పోయిందనుకోండి. రూటర్ ఆగిపోతుంది, లాప్‌టాప్ బ్యాటరీ మీద బతికే ఉంటుంది. కరెంటు వచ్చాక రూటర్ మళ్లీ లేచి కంపెనీని అడిగితే, చాలా కంపెనీలు ఈసారి వేరే ముందు సగం ఇస్తాయి. రూటర్‌కు పాతది గుర్తుండదు, కాబట్టి పాతది రద్దయిందని ఇంట్లో ఎవరికీ చెప్పదు. లాప్‌టాప్ దగ్గర ఇప్పుడు పాత చిరునామా, కొత్త చిరునామా రెండూ ఉంటాయి. పాతదాంతో పంపినవి కంపెనీ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. నెట్ ఉన్నట్టే కనిపిస్తుంది, కొన్ని తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు.

ఇది మన ఊళ్ల ఊహ కాదు. 2021 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ ఈ సమస్య మీదే ఒక పత్రం విడుదల చేసింది. అదే ఏడాది ఆగస్టులో ఇళ్లలోని రూటర్లు ఎలా ప్రవర్తించాలో చెబుతూ మరోటి ఇచ్చింది. ఇచ్చిన ముందు సగాన్ని గుర్తుపెట్టుకోవాలి, మారినప్పుడు పాతదాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించాలి, చెల్లుబాటు గడువు తగ్గించాలి. అంతకుముందు 2017లోనే యూరప్‌లోని రైప్ సంఘం, ఇళ్లకిచ్చే ముందు సగాన్ని మాటిమాటికీ మార్చవద్దని కంపెనీలకు సూచించింది. చవకగా కొని బిగించే ఫైబర్ డబ్బాల్లో ఈ మార్పులు అరుదుగా కనిపిస్తాయి. వానాకాలంలో రోజుకు నాలుగైదుసార్లు కరెంటు వచ్చిపోయే మండలంలో దీని దెబ్బ హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ జనరేటర్ ఉంటుంది, ఇక్కడ ఇన్వర్టర్ ఫ్యానుకే సరిపోతుంది.

దీనికి తక్షణ ఉపాయం టిక్కు తీయడం కాదు. వైఫై ఆపి మళ్లీ కలపండి, పాత చిరునామా పోతుంది. అసలు ఉపాయం రూటర్‌కు ఒక చిన్న యూపీఎస్. పన్నెండు వోల్టుల రూటర్ల కోసమే చేసిన చిన్న పెట్టెలు బజారులో దొరుకుతాయి. గోడ దగ్గరి ఫైబర్ డబ్బా, వైఫై రూటర్ వేర్వేరుగా ఉంటే రెంటికీ పెట్టాలి.

రెండోది ప్యాకెట్ పరిమాణం. నెట్‌లో సమాచారం ముక్కలుగా వెళ్తుంది, మామూలు ముక్క 1500 బైట్లు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి కలిసే పీపీపీఓఈ కనెక్షన్లలో 8 బైట్లు దానికే పోయి 1492 మిగులుతాయి. ఐపీవీ4లో పెద్ద ముక్క వస్తే మధ్య రూటర్ దాన్ని చీల్చి పంపగలదు. ఐపీవీ6లో మధ్యలో చీల్చడం లేదు. ముక్క పెద్దదైందని మధ్య రూటర్ వెనక్కి కబురు పంపుతుంది, పంపినవాడే చిన్నది చేసి మళ్లీ పంపాలి. ఆ కబురును భద్రత పేరుతో ఎవరైనా ఆపేశారంటే పంపినవాడికి ఏమీ తెలియదు. అప్పుడు కనెక్షన్ కలుస్తుంది, లాగిన్ పేజీ మొదటి భాగం వస్తుంది, ఆ తర్వాత తెల్లగా ఉండిపోతుంది. ఇక్కడ హ్యాపీ ఐబాల్స్ కూడా కాపాడలేదు, ఎందుకంటే దాని దృష్టిలో కనెక్షన్ కలిసిపోయింది.

దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ ఆదేశాన్ని ఐపీవీ6 కోసం నడిపి, పరిమాణం మొదట 1232 పెట్టండి, తర్వాత 1452 పెట్టండి. మొదటిది మొత్తం ముక్కను 1280 బైట్లు చేస్తుంది. ఐపీవీ6 దారి ఏదైనా కనీసం అంత మోయాల్సిందే. రెండోది 1500 చేస్తుంది. చిన్నదానికి జవాబు వచ్చి పెద్దదానికి ఎన్నిసార్లు పంపినా రాకపోతే అనుమానం ఇక్కడే పెట్టుకోవాలి. రూటర్‌లో ఎంటీయూ (ఒక్కో ముక్క గరిష్ఠ పరిమాణం) విలువ 1492కు, అవసరమైతే ఇంకా కిందికి దించి, ముక్కలు దాన్ని మించకుండా చూసే ఎంఎస్ఎస్ క్లాంపింగ్ ఆన్ చేస్తే ఆ కనెక్షన్ మీద ఉన్న ఫోన్లు, టీవీ, లాప్‌టాప్ అన్నీ ఒకేసారి బాగుపడతాయి. టిక్కు తీస్తే బాగయ్యేది ఆ ఒక్క లాప్‌టాపే. టీవీకి, ఫోన్‌కు టిక్కు తీసే చోటు సాధారణంగా ఉండదు కూడా.

ఆపెయ్యమనే వాదనల్లో వీపీఎన్ మీద ఆధారపడ్డది ఒకటుంది, దానికి బలం ఉంది. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్, బెంగళూరు కంపెనీల ఉద్యోగులు ఖమ్మం, సత్తుపల్లి, కొత్తగూడెం ఇళ్లకు వచ్చి పనిచేసినప్పుడు, కంపెనీ సపోర్ట్ వాళ్లు చెప్పిన తొలి మాటల్లో ఇది ఉండేది. కారణం సూటిగానే ఉంది. చాలా వీపీఎన్‌లు ఐపీవీ4ను మాత్రమే తమ దారిలోకి తీసుకునేవి, ఐపీవీ6 మామూలుగా బయటికి పోయేది. రోమ్‌లోని సపియెంజా, లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2015లో 14 వాణిజ్య వీపీఎన్‌లను పరీక్షిస్తే ఎక్కువ వాటిలో ఈ లీకు కనబడింది. మంచి వీపీఎన్‌లు ఇప్పుడు ఐపీవీ6ను కూడా తీసుకుపోతాయి, లేదా తాము నడుస్తున్నంతసేపు ఆపి ఉంచుతాయి. మీ వీపీఎన్ అలా చేయకపోతే, మారే అవకాశం మీ చేతిలో లేకపోతే, ఆఫీసు లాప్‌టాప్‌లో ఐపీవీ6 ఆపడం సబబే. కుటుంబం వాడే కంప్యూటర్‌కు ఆ నియమం అంటించకండి.

భద్రత వాదనను రెండు వైపుల నుంచీ చూడాలి. 2024 ఆగస్టు 13న మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఒక లోపాన్ని సరిదిద్దింది. ప్రత్యేకంగా తయారు చేసిన ఐపీవీ6 ప్యాకెట్లు పంపి, ఏదీ క్లిక్ చేయకుండానే కంప్యూటర్‌ను స్వాధీనం చేసుకోగల లోపం అది. తీవ్రత 10కి 9.8. ఐపీవీ6 ఆపి ఉన్న యంత్రాలకు ఆ ప్రమాదం లేదని మైక్రోసాఫ్టే రాసింది. 2020 అక్టోబరులోనూ ఇలాంటిదే ఒకటి బయటపడింది. ఈ రెండింటినీ చూపించి శాశ్వతంగా ఆపాలనేవారున్నారు. నేను ఒప్పుకోను. ఐపీవీ4 భాగంలోనూ ఇంతటి లోపాలు వచ్చాయి, అప్పుడు ఎవరూ దాన్ని ఆపుకోలేదు, అప్‌డేట్ వేసుకున్నారు. కానీ మన పట్టణాల జెరాక్స్ సెంటర్లలో, చిన్న ఆఫీసుల్లో విండోస్ 7 యంత్రాలు ఇంకా తిరుగుతున్నాయి. దానికి మద్దతు 2020 జనవరి 14నే ఆగిపోయింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్‌డేట్లు రాని యంత్రాన్ని మార్చే స్తోమత ఇప్పటికిప్పుడు లేకపోతే, మార్చేదాకా ఐపీవీ6 ఆపి ఉంచడం నా దృష్టిలో న్యాయమైన జాగ్రత్త.

మరో భయం: ఐపీవీ6లో ఇంట్లోని ప్రతి పరికరానికీ బయటి నుంచి చేరగల చిరునామా ఉంటుంది కాబట్టి ఎవరైనా లోపలికి వస్తారని. చిరునామా ఉన్నంత మాత్రాన తలుపు తెరిచి ఉన్నట్టు కాదు. విండోస్ ఫైర్‌వాల్ అడగకుండా వచ్చేవాటిని ఆపుతుంది. రూటర్ కూడా అలాగే ఆపాలి. సీసీటీవీ రికార్డర్‌కు సొంత ఫైర్‌వాల్ ఉండదు కాబట్టి అది పూర్తిగా రూటర్ మీదే ఆధారపడుతుంది. రూటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవడం ఈ వ్యాసం చదివాక చేయదగ్గ మొదటి పని. గోప్యత విషయానికొస్తే, కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డు నంబరే చిరునామాలో కనబడిపోతుందన్న ఫిర్యాదుకు 2001లోనే పరిష్కారం రాశారు. విండోస్ రోజుకొకటి చొప్పున తాత్కాలిక చిరునామాలు మారుస్తుంది. చిరునామా ముందు సగం ఇంటిని చూపిస్తుందన్నది మాత్రం నిజం. వ్యక్తిని వెతికేవారికి ఐపీవీ6 పని తేలిక చేస్తుంది. అమాయకుణ్ణి విడదీయడమూ దానివల్లే తేలికవుతుంది. ఈ రెండింటిలో ఏది బరువైనదో మనిషిని బట్టి, కాలాన్ని బట్టి ఉంటుంది. నాకు మాత్రం నా పొరుగువాళ్లందరితో కలిపి అనుమానించబడటం కంటే ఇదే నయమనిపిస్తుంది.

వేగం గురించి పెద్దగా చెప్పను. ఐపీవీ6 మీద పేజీలు 10 నుంచి 15 శాతం తొందరగా వస్తున్నాయని 2015లో ఫేస్‌బుక్ చెప్పింది. కనెక్షన్ కలవడం 1.4 రెట్లు వేగంగా ఉందని 2020లో ఆపిల్ చెప్పింది. ఇవి పెద్ద నెట్‌వర్కుల సగటులు. మీ ఇంట్లో తేడా తెలియకపోవచ్చు.

మైక్రోసాఫ్ట్ వైఖరి మొదటినుంచీ ఒకటే: విస్టా తర్వాతి విండోస్‌లో ఐపీవీ6 తప్పనిసరి భాగం, ఆపితే కొన్ని భాగాలు పనిచేయకపోవచ్చు, ఆపవద్దు. అడాప్టర్‌లో టిక్కు తీస్తే ఆ ఒక్క కార్డు మీదే ఆగుతుంది, లోపలి భాగాల్లో నడుస్తూనే ఉంటుందని చాలామందికి తెలియదు. అంతకంటే మేలైన మధ్యమార్గాన్ని ఆ కంపెనీయే చూపింది. రిజిస్ట్రీలో టీసీపీఐపీ6 పారామీటర్స్ కింద డిజేబుల్డ్ కాంపొనెంట్స్ అనే విలువను హెక్సాడెసిమల్‌లో 20, అంటే దశాంశంలో 32, అని పెట్టి రీస్టార్ట్ చేస్తే ఐపీవీ6 బతికే ఉంటుంది, మొదటి ప్రాధాన్యం ఐపీవీ4కు వెళ్తుంది. ముందుచూపు లేని పాత ప్రోగ్రాములకు 21 సెకన్ల బాధ ఇక్కడితోనే తీరుతుంది. పూర్తిగా ఆపాలనుకుని ఆ చోట ఎనిమిది ఎఫ్‌లు పెట్టమని చెప్పే పాత చిట్కాను నమ్మకండి. దానివల్ల కొన్ని విండోస్‌లు మొదలవడానికే ఐదు సెకన్లు ఎక్కువ తీసుకున్నాయని మైక్రోసాఫ్ట్ తర్వాత చెప్పింది.

టిక్కు తీసి మరిచిపోయినవారు ఫోన్ హాట్‌స్పాట్‌కు మారినప్పుడు పరిస్థితి తిరగబడుతుంది. మన దేశంలో ఐపీవీ6 పెరగడానికి ప్రధాన కారణం మొబైలే. 2016 సెప్టెంబరు 5న మొదలైన జియో మొదటినుంచీ ఐపీవీ6 మీద నడిచింది, మిగతావాళ్లు వెంట వచ్చారు. గూగుల్ కొలతల్లో ఇప్పుడు మన దేశ వాడకం మూడింట రెండు వంతుల చుట్టూ ఉంది, ప్రపంచ సగటేమో సగానికి దగ్గర్లో ఉంది. ఫోన్ సెట్టింగ్స్‌లో చిరునామా చూస్తే జియోలో సాధారణంగా 2409తో, ఎయిర్‌టెల్‌లో 2401తో మొదలయ్యే పొడవాటిది కనిపిస్తుంది. అక్కడ ఐపీవీ6 తిన్నని దారి. ఐపీవీ4 అయితే ఎక్కడో ఒక చోట మార్పిడి జరిగాకే బయటికి వెళ్తుంది. ఐపీవీ6 ఆపిన లాప్‌టాప్‌ను ఆ ఫోన్‌కు కలిపితే తిన్నని దారి వదిలి చుట్టుదారి పట్టినట్టే.

అడవి అంచున హాట్‌స్పాట్ అప్పుడప్పుడూ వాడేది కాదు, చాలా ఇళ్లకు అదే నెట్. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అలాంటి రోజుల్లో తీగ మీద ఆధారపడ్డ కనెక్షన్ ముందు పోతుంది. నక్సల్స్ ప్రభావిత ప్రాంతాల్లో 2014లో మంజూరైన పథకం కింద బీఎస్ఎన్‌ఎల్ వేసిన 2,343 టవర్లలో కొన్ని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అవి మొదట టూజీ టవర్లు. వాటిని ఫోర్‌జీకి మార్చడానికి కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. 2014లో భద్రాచలం డివిజన్ నుంచి చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినా, టెలికాం లైసెన్సు లెక్కలో రెండు రాష్ట్రాలూ ఇప్పటికీ ఒకే సర్కిల్. గట్టు దాటినా సిమ్ అదే, దాని మీద వచ్చే ఐపీవీ6 అదే. తేడా వచ్చేదల్లా తీగ కనెక్షన్లోనే. అక్కడ ఆంధ్రా ఫైబర్‌నెట్, ఇక్కడ టీ-ఫైబర్, మధ్యలో స్థానిక కేబుల్ ఆపరేటర్లు, ఎవరి రూటర్లు వారివి.

ప్రభుత్వం వైపు నుంచి కాగితాలకు కొదవ లేదు. టెలికాం శాఖ 2010 జులైలో తొలి ఐపీవీ6 ప్రణాళిక, 2013 మార్చిలో రెండోది ఇచ్చింది. గడువులు జరుగుతూ వచ్చాయి. 2021 నవంబరులో మళ్లీ ఉత్తర్వులిచ్చింది: ప్రభుత్వ సంస్థలు 2022 జూన్ 30 నాటికి మారాలి, 2022 డిసెంబరు 31 తర్వాత ఇచ్చే ప్రతి కొత్త తీగ కనెక్షన్ ఐపీవీ6కు సిద్ధంగా ఉండాలి. సిద్ధంగా ఉండటం వేరు, సరిగ్గా నడవడం వేరు. సగం అమర్చిన ఐపీవీ6 అసలు లేనిదానికంటే ఎక్కువ బాధపెడుతుంది. ఐపీవీ6 చిరునామా రాకపోతే కంప్యూటర్ మొదటి నుంచీ ఐపీవీ4నే వాడుకుంటుంది, వచ్చి పనిచేయకపోతే ప్రతిసారీ దాన్ని నమ్మి దెబ్బతింటుంది. ఈ సగం పనికి బాధ్యత ఇంటివాళ్లది కాదు, ఫోన్‌లో సలహా చెప్పే కుర్రాడిది కూడా కాదు. అతనికి నెలకిన్ని కంప్లయింట్లు మూసెయ్యాలని చెప్పారు, ఎంటీయూ గురించి ఎవరూ నేర్పలేదు.

కాబట్టి ఈసారి సైటు తెరుచుకోకపోతే ముందు వైఫై తీసి కలపండి. అప్పటికీ రాకపోతే టిక్కు తీసి చూడండి. తీయగానే వచ్చిందా, తప్పు ఐపీవీ6 దారిలో ఉందని రుజువైంది. మళ్లీ టిక్కు పెట్టి రెండు పరిమాణాల పింగ్ నడిపి ఫొటో తీసుకోండి. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి నెట్ స్లో అని చెప్పకండి. స్లో అంటే స్పీడ్ టెస్ట్ చేయమని చెప్పి మూసేస్తారు. ఐపీవీ6లో చిన్న ప్యాకెట్ వెళ్తోంది, పెద్దది వెళ్లడం లేదని చెప్పండి, లేదా కరెంటు పోయి వచ్చాక పాత ప్రిఫిక్స్ మిగిలిపోతోందని చెప్పండి. డాకెట్ నంబరు అడిగి రాసుకోండి. దానికి సరైన జవాబు రాకపోతే 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు, దానికి ఫీజు లేదు. ఫిర్యాదు తేలేదాకా పని ఆగకుండా ఆ ఒక్క కంప్యూటర్‌లో ప్రాధాన్యం ఐపీవీ4కు మార్చుకోండి. ఒకే ఆపరేటర్ కింద ఉన్న పక్కింటివాళ్లకూ అదే లక్షణం కనబడుతుంటే వాళ్ల డాకెట్ నంబర్లు కూడా జత చేయండి. నాలుగిళ్ల నుంచి ఒకే మాట వెళ్తే సమస్య లాప్‌టాప్‌లో ఉందని వాళ్లు అనలేరు, రూటర్ సెట్టింగ్ చూడక తప్పదు.